న్యూజెర్సీలో నర్సింగ్ హోమ్ ఎంపిక: స్టార్లు చూసి నమ్మొచ్చా?

రారిటన్ తీరం:

78 ఏళ్ల పెద్దావిడ, మా అత్తగారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నారు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. తెలుగు తప్ప మరో భాష రాదు. గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లు దాటింది, మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ ఏ, బీ రెండూ ప్రీమియం కట్టి తీసుకున్నవే. హాస్పిటల్లో కేస్ మేనేజర్ మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్ కౌంటీల్లోని పదకొండు నర్సింగ్ హోమ్‌ల లిస్టు చేతిలో పెట్టి, ఎల్లుండిలోగా మూడు పేర్లు చెప్పమన్నారు. రీహ్యాబ్ కోసమే అంటున్నారు గానీ, కోలుకోవడం ఆలస్యమైతే అక్కడే ఎక్కువ రోజులు ఉండాల్సి రావచ్చు.

మెడికేర్ సైట్లో ఐదు స్టార్లున్నదాని గురించి రివ్యూల్లో తిట్లే కనిపిస్తున్నాయి. మూడు స్టార్లున్న ఇంకోటి బాగుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఆ స్టార్ల వెనక ఏముంది? ఒక్కసారి వెళ్లి చూసి రాగలిగితే ఏం చూడాలి? భాష, తిండి సంగతి ముందే ఎలా తేల్చుకోవాలి? మెడికేర్ నిజంగా ఎన్ని రోజులు ఇస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

సర్వే కాగితాలు:

మొత్తం స్టార్లను పక్కన పెట్టి, వాటి కింద విడివిడిగా ఉండే మూడు రేటింగులు చూడండి. మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ సైట్లో ప్రతి హోమ్‌కీ తనిఖీలకొకటి, సిబ్బందికొకటి, క్వాలిటీ మెజర్స్‌కొకటి (రోగుల ఆరోగ్యం ఎలా ఉందన్న లెక్కలు) ఉంటాయి. లెక్క తనిఖీల రేటింగుతో మొదలవుతుంది. సిబ్బందికి ఐదు వస్తే ఒక స్టార్ కలుపుతారు, ఒకటే వస్తే ఒక స్టార్ తీసేస్తారు. క్వాలిటీ మెజర్స్‌కీ అంతే. తనిఖీల్లో రెండు స్టార్లే తెచ్చుకున్న హోమ్ కూడా మిగతా రెండింట్లో ఐదేసి వస్తే మొత్తం మీద నాలుగు స్టార్లు చూపించుకోగలదు.

ఈ మూడింట్లో క్వాలిటీ మెజర్స్‌ని నేను చివర్లో పెడతాను. అందులో చాలా భాగం ఒక్కో రోగి స్థితి గురించి హోమ్ తనకు తానే నింపి పంపే ఎండీఎస్ అనే ఫారాల్లోంచి వస్తుంది. పడిపోయి ఎముకలు విరిగిన కేసుల్ని హాస్పిటల్ బిల్లులతో పోల్చి చూస్తే, చాలావాటిని ఆ ఫారాల్లో రాయనేలేదని ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసే బయటపెట్టింది.

తనిఖీల స్టార్ల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అవి రాష్ట్రం లోపల పోల్చి ఇచ్చే ర్యాంకులు. రాష్ట్రంలోని హోమ్‌లన్నిటినీ వరసలో నిలబెట్టి పై 10 శాతానికి ఐదు స్టార్లు, అడుగు 20 శాతానికి ఒక స్టార్ ఇస్తారు. మధ్యలో ఉన్న 70 శాతాన్ని రెండు, మూడు, నాలుగు స్టార్లకు సమానంగా పంచుతారు. అందుకని న్యూజెర్సీలో నాలుగు స్టార్ల హోమ్‌ని పెన్సిల్వేనియాలో నాలుగు స్టార్ల హోమ్‌తో పోల్చడం కుదరదు. ఫిలడెల్ఫియా వైపు చుట్టాలున్నారని అటు కూడా చూసేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. రాష్ట్రం మొత్తం బాగుపడినా, మొత్తం దిగజారినా ఈ శాతాలు మారవు.

అసలు విషయం తనిఖీ రిపోర్టులో ఉంటుంది. దాన్ని 2567 ఫారం అంటారు. కేర్ కంపేర్‌లోనే దొరుకుతుంది. హోమ్‌లో కూడా ఎవర్నీ అడక్కుండా తీసి చదువుకునేలా ఒక ఫైల్లో పెట్టాలి, అది చట్టం. ప్రతి తప్పుకూ ఒక ఎఫ్ నంబరు, ఒక అక్షరం ఉంటాయి. అక్షరాలు ఏ నుంచి ఎల్ దాకా. ఏ, బీ, సీ అంటే పెద్దగా హాని జరిగే అవకాశం లేనివి. డీ, ఈ, ఎఫ్ అంటే హాని జరగలేదు గానీ జరగడానికి ఆస్కారం ఉన్నవి. జీ, హెచ్, ఐ అంటే మనిషికి నిజంగా హాని జరిగినట్టు. జే, కే, ఎల్ అంటే ప్రాణం మీదకి వచ్చిన పరిస్థితి. ప్రతి మూడింటిలో మొదటిది ఒకరిద్దరికి జరిగింది, రెండోది పదేపదే జరుగుతున్నది, మూడోది హోమ్ అంతటా ఉన్నది.

మీ కేసుకి కావలసిన నంబర్లు కొన్నే: ఎఫ్ 686 బెడ్‌సోర్లు (కదలకుండా పడుకోవడంతో ఒత్తిడికి పడే పుండ్లు), ఎఫ్ 689 పడిపోవడం, ప్రమాదాలు, ఎఫ్ 677 తనంతట తాను చేసుకోలేనివాళ్లకి స్నానం, శుభ్రం చేయకపోవడం, ఎఫ్ 692 తిండి, నీళ్లు, ఎఫ్ 725 నర్సింగ్ సిబ్బంది చాలకపోవడం, ఎఫ్ 760 మందుల్లో పెద్ద పొరపాట్లు, ఎఫ్ 600 హింస, నిర్లక్ష్యం. వంటగదిలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయలేదన్న ఎఫ్ 812 దాదాపు ప్రతి హోమ్‌కీ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, దానికి బెంబేలు పడొద్దు. ఒకే నంబరు రెండు తనిఖీల్లో వరసగా వచ్చిందా అన్నదే చూడండి. సరిదిద్దుతామని రాసిచ్చి కూడా సరిదిద్దలేదంటే ఆ హోమ్ ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది.

తేదీ కూడా చూడండి. తనిఖీకీ తనిఖీకీ మధ్య 15 నెలలు మించకూడదు. ఈలోగా యాజమాన్యం చేతులు మారితే ఆ స్టార్లు పాతవాళ్లు తెచ్చుకున్నవి. యజమానుల వివరాలు అదే సైట్లో ఉంటాయి. పేరు పక్కన ఎర్రటి చెయ్యి గుర్తుంటే రోగుల్ని హింసించిన కేసు తేలిందని అర్థం, దాన్ని లిస్టులోంచి కొట్టేయండి.

ఇక ప్రభుత్వం నడుపుతోంది కదా బాగుంటుందిలే అన్న నమ్మకం కూడా వద్దు. ఎడిసన్‌లోని మెన్లో పార్క్ వెటరన్స్ హోమ్‌, పరామస్‌లోని వెటరన్స్ హోమ్‌ రెండూ రాష్ట్రం నడిపేవే. అక్కడి వైద్యం, ఇన్ఫెక్షన్ నియంత్రణ రాజ్యాంగం కోరే కనీస స్థాయిలో కూడా లేవని 2023 సెప్టెంబరులో ఫెడరల్ న్యాయశాఖ రిపోర్టు ఇచ్చింది.

రాత్రి షిఫ్టు నర్సు:

పైన చెప్పినదానికి సిబ్బంది సంగతి కలుపుతాను. నర్సింగ్ హోమ్‌లో మనిషిని లేపేది, కడిగేది, తినిపించేది, పక్కకి తిప్పేది సీఎన్ఏలు, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లు. ఆర్‌ఎన్‌లు (రిజిస్టర్డ్ నర్సులు) ఎంత మంచివాళ్లయినా ఆ చేతులు చాలకపోతే మిగతావన్నీ కుంటుపడతాయి.

న్యూజెర్సీలో 2021 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పగలు 8 మందికి ఒక సీఎన్ఏ ఉండాలి. సాయంత్రం షిఫ్టులో 10 మందికి ఒకరు, అందులో కనీసం సగం మంది సీఎన్ఏలు. రాత్రి 14 మందికి ఒకరు. చాలా రాష్ట్రాల్లో ఇంత స్పష్టమైన లెక్క లేదు. ఫెడరల్ ప్రభుత్వం 2024లో ఒక్కో రోగికి రోజుకు 3.48 గంటలని నిబంధన పెట్టింది గానీ, 2025 ఏప్రిల్లో టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, జులైలో కాంగ్రెస్ 2034 దాకా ఆపేసింది. కాబట్టి మన చేతిలో మిగిలింది రాష్ట్రం లెక్కే.

అది పాటిస్తున్నారో లేదో తెలుసుకోవడం తేలిక. ప్రతి షిఫ్టు మొదట్లో ఆ రోజు ఎంతమంది రోగులున్నారు, ఎంతమంది ఆర్‌ఎన్‌లు, ఎల్‌పీఎన్‌లు (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సులు), సీఎన్ఏలు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు అన్న కాగితం అందరికీ కనిపించేచోట పెట్టాలి. మామూలుగా రిసెప్షన్ పక్కన గోడకి ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. దాన్ని ఫోన్లో ఫోటో తీసుకోండి, ఇంటికెళ్లి భాగహారం చేయండి. కాగితం లేకపోయినా, నిన్నటి తేదీ ఉన్నా అదీ ఒక జవాబే. తనిఖీ రిపోర్టులో రాష్ట్ర లైసెన్సు నిబంధనల భాగం వేరుగా ఉంటుంది, అది కూడా తెరవండి. తనిఖీ ముందు రెండు వారాల్లో 14 పగటి షిఫ్టులకి ఎన్నింట్లో సీఎన్ఏలు తక్కువయ్యారో తేదీల వారీగా అందులో రాస్తారు.

కేర్ కంపేర్‌లో సిబ్బంది పేజీకి వెళ్లి శని, ఆదివారాల గంటలు, ఏడాదిలో ఎంతమంది మానేశారన్న శాతం చూడండి. ఈ అంకెలు జీతాల రికార్డుల్లోంచి వచ్చేవి కాబట్టి వాటిని తారుమారు చేయడం కష్టం. మొత్తం నర్సింగ్ గంటలు రోగికి రోజుకి 4.1 ఉండాలని 2001లోనే మెడికేర్ వాళ్ల అధ్యయనం చెప్పింది. ఆర్‌ఎన్ గంటల్లో మాత్రం రోగి దగ్గరికి రాని డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ గంటలు కూడా కలిసి ఉంటాయని గుర్తుంచుకోండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మంగళవారం ఉదయం పదకొండింటికి మార్కెటింగ్ ఆవిడ వెంట తిరగొద్దు. ఆదివారం సాయంత్రం ఐదు, ఆరు మధ్య, భోజనాల వేళ వెళ్లండి. గది తలుపు పైన కాల్ లైట్ వెలిగితే ఎంతసేపటికి ఎవరు వస్తున్నారో అక్కడే నిలబడి చూడండి. వచ్చి లైటు ఆపేసి, ఇప్పుడే వస్తానని వెళ్లిపోతే అది రాలేదన్న లెక్కే. ట్రేలు తెచ్చి పెట్టాక మూతలు తీసి, చేతికి అందేలా జరిపి, తినలేనివాళ్ల పక్కన కూర్చుంటున్నారా, లేక అరగంటకి ముట్టని ట్రేలు అలాగే వెనక్కి పోతున్నాయా? నీళ్ల గ్లాసు మంచం మీద ఉన్నవాళ్లకి అందే దూరంలో ఉందా? ఫినాయిల్ వాసన కన్నా ఈ రెండూ ఎక్కువ చెబుతాయి.

తుంటి ఆపరేషన్ అయినవాళ్లకి మొదటి రెండు వారాల్లో వచ్చే పెద్ద ముప్పు బెడ్‌సోర్. నొప్పికి కదలరు, మడమ పరుపు మీదే ఆని ఉంటుంది. పుస్తకాల్లో మొదటి దశని ఎర్రగా కందడం అని రాస్తారు. మన ఒంటి రంగు మీద ఆ ఎరుపు కనిపించదు. చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగానో ఊదాగానో ఉందా, వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ తగులుతోందా అని వేలితో తాకి చూడాలి. ఎక్కడెక్కడంటే, నడుం కింద తోక ఎముక దగ్గర, రెండు మడమలు, ఆపరేషన్ కాని వైపు తుంటి. మడమ కింద దిండు పెట్టకూడదు. పిక్క కింద పొడుగ్గా దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చేయాలి. పక్కకి తిప్పేటప్పుడు పూర్తిగా ఒత్తిగిలి కాకుండా 30 డిగ్రీల వాలులో ఉంచాలి, రెండు గంటలకోసారి తిప్పడం మామూలు పద్ధతి. చేరిన రోజే చర్మమంతా చూసి రాయించండి. హాస్పిటల్ నుంచే వచ్చిందా, ఇక్కడ వచ్చిందా అన్న తగువు తర్వాత రాకుండా ఉంటుంది.

ఇంకో మాట. శుక్రవారం సాయంత్రం మార్పిస్తామంటే వీలైనంత వరకు ఒప్పుకోకండి. నర్సింగ్ హోమ్‌లో మందుల షాపు ఉండదు, బయటినుంచి వ్యాన్‌లో రావాలి. నొప్పి మాత్రలకి డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్ వెంట రాకపోతే రాత్రంతా బాధపడాల్సిందే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ తేదీ దాకా వాడాలో డిశ్చార్జ్ కాగితంలో స్పష్టంగా రాయించుకోండి. చేతులు మారేటప్పుడు ఎక్కువగా జారిపోయేది అదే.

రారిటన్ తీరం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండింటికి వెళ్లి చూశాం. మొదటిదానికి మొత్తం ఐదు స్టార్లు. విడిగా చూస్తే తనిఖీలకి నాలుగు, సిబ్బందికి రెండు, క్వాలిటీకి ఐదు. కాగితం మీద 112 మంది రోగులు, సీఎన్ఏలు పగలు 14, సాయంత్రం 9, రాత్రి 6. రిపోర్టులో ఎఫ్ 677, ఎఫ్ 725 రెండూ ‘ఈ’ (E) అక్షరంతో ఉన్నాయి, అంతకుముందు తనిఖీలోనూ ఎఫ్ 677 ఉంది.

రెండోదానికి మొత్తం మూడు స్టార్లు. తనిఖీలకి మూడు, సిబ్బందికి నాలుగు, క్వాలిటీకి మూడు. 90 మంది రోగులు, సీఎన్ఏలు పగలు 12, సాయంత్రం 9, రాత్రి 7. కానీ ఎఫ్ 689 జీ ఒకటుంది. హాని జరిగిందనే కదా దానర్థం? భయమేస్తోంది.

రాత్రి షిఫ్టు నర్సు:

లెక్క చూడండి. 112 మందికి సాయంత్రం కనీసం 11 మంది కావాలి, రాత్రి 8 మంది. సాయంత్రం షిఫ్టులో సీఎన్ఏలు కాకుండా మిగతా డైరెక్ట్ కేర్ స్టాఫ్ ఎవరైనా ఉన్నారేమో అడగండి. లేకపోతే రెండు షిఫ్టుల్లోనూ తక్కువే. రాత్రి ఒక్కొక్కరికి దాదాపు 19 మంది. పగటి షిఫ్టు సరిగ్గా 14 ఉండటం చూసి మోసపోవద్దు, ఎవరైనా చూడ్డానికి వచ్చేది అప్పుడే. 90 మందికి కనీసం కావలసింది పగలు 11, సాయంత్రం 9, రాత్రి 6. రెండో హోమ్ మూడింట్లోనూ సరిపోయింది.

సర్వే కాగితాలు:

జీ అక్షరం చూసి వదిలేయకండి, కింద రాసిన కథనం చదవండి. తప్పులకి వేసే తనిఖీ పాయింట్లలో ఒక ‘జీ’కి 20, ఒక ‘ఈ’కి 8. అందుకే ఒక్క జీతో స్టార్ తగ్గిపోతుంది. కానీ రోజూ సాగే నిర్లక్ష్యం ఎక్కువగా కనిపించేది ‘ఈ’ (E) అక్షరంలోనే.

ఎఫ్ 689 జీలో తరచూ కనిపించేది ఇద్దరు చేయాల్సిన పని ఒక్క సీఎన్ఏనే చేయడం. లిఫ్ట్ మెషీన్‌తో మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కేర్ ప్లాన్‌లో ఇద్దరని రాసి ఉంటుంది, ఒక్కరే చేస్తారు, మనిషి జారిపోతారు. అలాంటిదైతే తర్వాత ఏం చేశారో అదే ఫారంలో కుడివైపు గడిలో ఉంటుంది. అందరికీ మళ్లీ శిక్షణ, వారానికోసారి పరిశీలన, ఏ తేదీకల్లా పూర్తి అని. ఆ తేదీ తర్వాత వచ్చిన కంప్లయింట్ తనిఖీల్లో అదే నంబరు మళ్లీ లేకపోతే సరిదిద్దుకున్నట్టే. మొదటి హోమ్‌లో ఎఫ్ 677 రెండుసార్లు వరసగా రావడం, దాంతోపాటు సిబ్బంది చాలట్లేదన్న 725 రావడం, మీరు గోడ మీద చూసిన కాగితం, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. నేనైతే రెండోదాన్ని ముందు రాస్తాను.

పథ్యం:

తిండి, భాష గురించి నాకు తెలిసింది చెబుతాను. సెంట్రల్ జెర్సీలో కొన్ని హోమ్‌లు భారతీయుల కోసం విడిగా వింగ్ నడుపుతున్నాయి, శాకాహార వంట, గుజరాతీ, హిందీ మాట్లాడే సిబ్బంది ఉంటారు. తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారని చెబితే ఏ షిఫ్టులో, వారానికి ఎన్ని రోజులని అడగండి. ఆ వింగ్‌లో సాంబారు దొరుకుతుందని అక్కడి నర్సింగ్ కూడా బాగుంటుందని అనుకోకూడదు. పైవాళ్లు చెప్పిన లెక్కలు దానికీ వేయాల్సిందే.

మామూలు హోమ్‌లో వెజిటేరియన్ అని రాస్తే వచ్చేది ఉడికించిన బంగాళదుంప, సలాడ్, చీజ్ శాండ్‌విచ్. ఎముక అతుక్కోవాలన్నా, చర్మం చెడకుండా ఉండాలన్నా ప్రొటీన్ కావాలి. పుండు గానీ పడితే కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములన్నమాట, శాండ్‌విచ్‌లతో అయ్యే పని కాదు. చేరిన మొదటి వారంలోనే డైటీషియన్‌తో కూర్చుని పూటకొక కప్పు పెరుగు, పనీర్, పప్పు, పీనట్ బటర్, ప్రొటీన్ పౌడర్ ఏవేవి కుదురుతాయో రాయించండి. గుడ్డు, జెలటిన్ రెండూ వద్దని విడిగా చెప్పాలి. వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే వాళ్ల లెక్క. జెల్లో, కొన్ని పెరుగుల్లో జెలటిన్ ఉంటుంది. బరువు వారానికోసారి తూచమనండి. నెలలో 5 శాతం, అంటే 60 కిలోలకి 3 కిలోలు తగ్గితే వాళ్ల నిబంధనల ప్రకారమే అది పట్టించుకోవాల్సిన తగ్గుదల.

ఇన్సులిన్ దగ్గర జాగ్రత్త. భోజనానికి ముందు ఇచ్చే రకమైతే, నర్సు ఇంజెక్షన్ చేసి వెళ్లిపోతుంది, ట్రే ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది, వచ్చింది నచ్చక ముట్టరు. షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి మాట తడబడుతుంది, చెప్పడానికి భాష లేదు. సగం కన్నా తక్కువ తింటే ఏం చేయాలో డాక్టర్ ఆర్డర్లో రాయించండి. తినడం చూశాక ఇచ్చేలా మార్చడానికి కుదురుతుందేమో అడగండి. ఇంటినుంచి అన్నం తీసుకెళ్లే రోజు నర్సుకి ముందే చెప్పాలి, ట్రేలోదానికి వేసిన లెక్క మీ డబ్బాలోదానికి సరిపోదు. డబ్బా మీద పేరు, గది నంబరు, తేదీ రాయండి.

స్పీచ్ థెరపిస్ట్ చూసి నీళ్లు చిక్కబరచి ఇవ్వాలని రాస్తే, అది చారుకీ, మజ్జిగకీ, తీర్థానికీ కూడా వర్తిస్తుంది. ప్రేమ కొద్దీ ఒక చెంచా పల్చని మజ్జిగ పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దగ్గు రాకుండా కూడా వెళ్తుంది, రెండు రోజుల తర్వాత న్యుమోనియాగా తేలుతుంది.

భాష వల్ల జరిగే పెద్ద నష్టం తిండిలో కన్నా మతిమరుపు పరీక్షలో జరుగుతుంది. చేరిన కొద్ది రోజుల్లో బిమ్స్ అనే పరీక్ష చేస్తారు. సాక్, బ్లూ, బెడ్ అని మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటారు, ఇది ఏ సంవత్సరం, ఏ నెల, వారంలో ఏ రోజు అని అడుగుతారు. మొత్తం 15కి 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మామూలు, 7 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన లోపం. ఇంగ్లీషులో అడిగితే తెలుగు తప్ప రాని మనిషికి సున్నా వస్తుంది. ఆ సున్నా చార్టులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత నొప్పితో అరిచినా, రాత్రి లేవబోయినా డిమెన్షియా ప్రవర్తన అనుకుని మత్తు మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టి పరీక్ష చేయమని చేరేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఆ ఖర్చు హోమ్‌దే. మనవరాలితోనో కోడలితోనో చేయిస్తే పక్కనుంచి అందించారంటారు.

మంచం పక్కన గోడకి ఒక కాగితం అంటించండి. ఎడమవైపు ఇంగ్లీషులో పెయిన్, టాయిలెట్, వాటర్, కోల్డ్, డిజీ. కుడివైపు ఆవిడ అనే మాటలు, నొప్పి, బాత్రూమ్, మంచినీళ్లు, చలి, కళ్లు తిరుగుతున్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. అవునని తల అడ్డంగా ఊపే అలవాటుంటే అదీ రాయండి.

మెడికేర్ లెక్కలు:

డబ్బు సంగతి క్లుప్తంగా. ఒరిజినల్ మెడికేర్ (నేరుగా ప్రభుత్వం ఇచ్చేది) అయితే హాస్పిటల్లో ఇన్‌పేషెంట్‌గా వరసగా మూడు రోజులు ఉండాలి. అబ్జర్వేషన్ కింద, అంటే ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా పరిశీలనలో పెట్టిన రాత్రులు లెక్కలోకి రావు, కాబట్టి ఏ తేదీ నుంచి ఇన్‌పేషెంట్ అని రాశారో ఇవాళే కనుక్కోండి. తర్వాత మొదటి 20 రోజులు మీకు ఖర్చు లేదు. 21 నుంచి 100వ రోజు దాకా రోజువారీ వాటా 2025లో 209.50 డాలర్లు, 2026లో 217. మెడిగ్యాప్ పాలసీ (మెడికేర్ కట్టని వాటా కోసం కొనుక్కునే బీమా) ఉంటే చాలావాటిలో అది వస్తుంది. 100 రోజులనేది గరిష్ఠం, హక్కు కాదు. నిపుణుల వైద్యం అవసరమున్నంత వరకే. అడ్వాంటేజ్ ప్లాన్ (ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్) అయితే ముందస్తు అనుమతి కావాలి, వాళ్ల నెట్‌వర్క్‌లో ఉన్న హోమ్‌లే, వారం వారం సమీక్ష.

ఇక మెరుగుదల లేదు, ఆపేస్తున్నాం అంటే ఒప్పుకోకండి. మెరుగుపడకపోయినా ఉన్న స్థితి దిగజారకుండా చూడ్డానికి నిపుణుల సేవ అవసరమైతే మెడికేర్ ఇవ్వాలని 2013లో జిమ్మో అనే కోర్టు కేసులో కుదిరిన ఒప్పందంతో తేలిపోయింది. ఆపే ముందు రెండు రోజుల నోటీసు ఇస్తారు. అందులో ఉన్న నంబరుకి కవరేజీ ఆగే తేదీకి ముందురోజు మధ్యాహ్నం 12లోగా ఫోన్ చేస్తే అప్పీలు. ఖర్చు లేదు. నోటీసు మీద సంతకం అందినట్టే తప్ప ఒప్పుకున్నట్టు కాదు.

థెరపీ రోజుకి ఎన్ని నిమిషాలు, శనివారం ఉందా అని కూడా అడగండి. 2019 అక్టోబరు నుంచి మెడికేర్ నిమిషాలకి కాకుండా రోగి స్థితిని బట్టి డబ్బిస్తోంది. నిమిషాలు తగ్గిస్తే హోమ్‌కి మిగులుతుంది.

అడ్మిషన్ కాగితాల్లో రెస్పాన్సిబుల్ పార్టీ అన్నచోట అల్లుడో కూతురో ఊరికే సంతకం పెట్టొద్దు. మీ సొంత డబ్బుతో కడతామని హామీ అడగడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పవర్ ఆఫ్ అటార్నీ హోదాలో సంతకం చేస్తున్నట్టు పేరు పక్కన రాయండి. ఆర్బిట్రేషన్ ఒప్పందం (గొడవొస్తే కోర్టుకి వెళ్లకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామనేది) చేరడానికి షరతు కాదు, సంతకం పెట్టకుండా ఇచ్చేయొచ్చు. పెట్టినా 30 రోజుల్లోగా రద్దు చేసుకోవచ్చు.

మెడికేర్ ఆగాక సొంతంగా కడితే ఇక్కడ నెలకి 12 వేల డాలర్లు దాటడం మామూలే. మెడికెయిడ్‌కి (ఆస్తి, ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వ బీమా) గ్రీన్ కార్డు ఐదేళ్లు దాటాలి, మీకు దాటింది. ఆస్తి 2,000 డాలర్లు మించకూడదు, వెనక్కి ఐదేళ్ల ఆస్తి బదిలీలన్నీ చూస్తారు. ఇండియాలో ఉన్న పొలం, ఫ్లాట్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా చెప్పాల్సిందే. మూడేళ్ల కిందట ఊళ్లో స్థలం కొడుకు పేర రాసి ఉంటే అదీ బదిలీయే. ఇది ఇంట్లో కూర్చుని తేల్చుకునే వ్యవహారం కాదు, పెద్దల వ్యవహారాలు చూసే లాయర్‌తో మెడికేర్ రోజులు అయిపోకముందే మాట్లాడండి.

రారిటన్ తీరం:

రెండోదాన్నే మొదటి పేరుగా ఇస్తున్నాం. ఒక్క ప్రశ్న మిగిలింది. చేరాక ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి చెప్పాలి? గట్టిగా అడిగితే ఆవిడ మీద చూపిస్తారేమోనని భయం.

రాత్రి షిఫ్టు నర్సు:

ఆ భయం అందరికీ ఉంటుందండీ, అందుకే మొదటినుంచీ కాగితం మీద నడపండి. చేరిన 48 గంటల్లో ప్రాథమిక కేర్ ప్లాన్ ఇవ్వాలి, కాపీ అడిగి తీసుకోండి. 14 రోజుల్లో పూర్తి అంచనా, ఆ తర్వాత 7 రోజుల్లో పూర్తి కేర్ ప్లాన్. ఆ మీటింగుకి ఫోన్లోనైనా హాజరవ్వండి. మడమ ఆనకుండా పిక్క కింద దిండు, తెలుగు దుబాసీ, గుడ్డు లేని తిండి, తినడం చూశాకే ఇన్సులిన్, లేచేటప్పుడు ఎంతమంది సాయం, ఇవన్నీ ఆ ప్లాన్‌లో వాక్యాలుగా ఉండాలి. ప్లాన్‌లో ఉన్నది చేయకపోతే తనిఖీవాళ్లు తప్పు రాయగలరు. మీరు నోటితో చెప్పి మర్చిపోయినదానికి రాయలేరు.

తేడా కనిపిస్తే ముందు ఆ షిఫ్టు చార్జ్ నర్సు, తర్వాత డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్, అదే రోజు ఈమెయిల్లో కూడా. తేదీ, టైము, ఏం చూశారు, ఎవరికి చెప్పారు, ఈ నాలుగు ముక్కలు చాలు. కోపం మాటలు వద్దు. రెండు రోజుల్లో కదలిక లేకపోతే రాష్ట్ర లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కి (నర్సింగ్ హోమ్‌లలో ఉన్నవాళ్ల తరఫున ఫిర్యాదులు చూసే అధికారి) ఫోన్ చేయండి. పేరు బయటపెట్టరు, ఉచితం, వాళ్ల నంబరు ప్రతి హోమ్ గోడ మీదా ఉండాలి. పుండు పడటం, పడిపోవడం, మందు మారిపోవడం లాంటివైతే ఆంబుడ్స్‌మన్ కోసం ఆగకుండా రాష్ట్ర ఆరోగ్యశాఖకి నేరుగా ఫిర్యాదు చేయండి, తనిఖీకి వచ్చేది వాళ్లే. చెయ్యి చేసుకున్నారన్న అనుమానం ఉంటే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు తరఫున సేఫ్ కేర్ క్యామ్ అని కెమెరా ఉచితంగా అరువిచ్చే పథకం ఉంది. గదిలో ఇంకొకరుంటే వాళ్ల అనుమతి గురించి ముందే వాళ్లనే అడగండి.

ఇంట్లోవాళ్లు రోజూ ఒకే టైముకి వెళ్లకండి. ఒకరోజు ఉదయం ఏడుకి, ఇంకోరోజు రాత్రి ఎనిమిదిన్నరకి, ఆదివారం మధ్యాహ్నం. వెళ్లినప్పుడల్లా దుప్పటి తీసి రెండు మడమలూ చూడండి.